తొణకని నీళ్లు, జారే చక్రాలు

కాగితపు కప్పులో నీళ్లు పోసి, కారులో పెట్టి, కొడుకుని కొండమీదికి పంపుతాడు తండ్రి. ఒక్క చుక్క ఒలకకూడదు. ఒలికిందంటే వెనకాల పెట్టెల్లోని తోఫు అంచులు చితికినట్టే. సరస్సు ఒడ్డున ఉన్న హోటలుకి ఆ తోఫు తెల్లవారకముందే చేరాలి. వెళ్లేటప్పుడు సరుకు కోసం జాగ్రత్త, వచ్చేటప్పుడు ఇంకాస్త నిద్ర కోసం తొందర. ఏడో తరగతి నుంచి అయిదేళ్లపాటు ఇలా ఒకే దారిలో ఎక్కుతూ దిగుతూ వచ్చిన కుర్రాడు తకుమి ఫుజివారా. ఈలోపు తనకి ఎంత పెద్ద విద్య అబ్బిందో అతనికి తెలియదు. ఎవరైనా చెబితే నమ్మడు, ఆవలిస్తాడు.

షుయిచి షిగెనో 1995లో జపాన్ వారపత్రిక 'యంగ్ మ్యాగజైన్'లో మొదలుపెట్టిన బొమ్మల కథ 'ఇనీషియల్ డి'. 2013 దాకా సాగి 48 సంపుటాలయింది. 1998లో అది 26 భాగాల యానిమేషన్ సీరీస్‌గా టీవీకెక్కింది. మొదటి భాగమాలికకి 'ఫస్ట్ స్టేజ్' అని పేరు. తరవాతివి కూడా అదే వరసలో సాగి, 2014లో 'ఫైనల్ స్టేజ్'తో ముగిశాయి. నేను ప్రధానంగా మొదటి రెండు స్టేజిల గురించే చెబుతాను. రసం అక్కడే చిక్కగా ఉంది.

కథంతా చాలావరకు గున్మా ప్రాంతపు కొండల్లో నడుస్తుంది. అకాగి, మ్యోగి, ఉసుయి నిజంగా ఉన్న పేర్లే. తకుమి కొండకి మాత్రం 'అకినా' అని మారుపేరు పెట్టారు, అసలు కొండ హరునా. అక్కడ సర్క్యూట్ లేదు, టికెట్టు లేదు, జెండా ఊపే అధికారి లేడు. అర్ధరాత్రి వేళ మామూలు ఘాట్ రోడ్డు, రెండు కార్లు, మలుపు మలుపునా రెయిలింగ్ వెనక నిలబడ్డ కుర్రాళ్లు. చట్టం ఒప్పుకోని పందెం ఇది. స్వభావంలో మాత్రం ర్యాలీకి తోబుట్టువు. ర్యాలీలో కార్లు ఒక్కొక్కటిగా బయల్దేరి గడియారంతో పోటీపడతాయి, ఇక్కడ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. తేడా అంతే. రెండిట్లోనూ పందెం కోసం చదును చేసిన దారి ఉండదు. దారి ఎలా ఉంటే డ్రైవరు అలా వంగాలి.

ర్యాలీ కారులో పక్క సీట్లో కో-డ్రైవరు కూర్చుని, రాబోయే మలుపు ఎంత వంకరో, దాని వెనక ఏముందో చదివి చెబుతూ ఉంటాడు. తకుమి పక్క సీటు ఖాళీ. చదివి చెప్పే పనంతా అయిదేళ్ల తెల్లవారుజాములు చేసిపెట్టాయి. ఆ దారిలో ఎక్కడ గతుకుందో, ఎక్కడ తారు నున్నబడిందో అతని నడుముకి తెలుసు, మెదడుని అడగక్కర్లేదు.

కార్ల పందెం అనగానే మనం వీరరసం అనుకుంటాం. ఉత్సాహం స్థాయీభావం, ఎదుటి జట్టు ఆలంబనం, సవాలు ఉద్దీపనం, లెక్క చక్కగా కుదిరినట్టే ఉంటుంది. తెరమీద మాత్రం కుదరదు. వీరుడికి ఉత్సాహమే లేదు మరి! మొదటి పందేనికి తకుమి ఎందుకు వెళ్లాడు? నత్సుకి అనే అమ్మాయిని సముద్రానికి తీసుకెళ్లడానికి ఒకరోజు కారు కావాలి. గెలిచి వస్తే కారూ ఇస్తాను, ట్యాంకు నిండా పెట్రోలూ పోయిస్తానని తండ్రి బుంతా బేరం పెట్టాడు. ఊరి పరువు గురించి స్నేహితులు గుండెలు బాదుకుంటుంటే, ఈ వీరుడు బయల్దేరింది ట్యాంకు పెట్రోలు కోసం. ఈ ఘట్టాన్ని తలుచుకున్నప్పుడల్లా షిగెనోకి మనసులో దండం పెట్టుకుంటాను.

అక్కడ పండేది అద్భుతరసం. దాని స్థాయి విస్మయం. కళ్లు విప్పారడం, రెప్ప వాల్చకుండా చూడటం, ఒళ్లు పులకరించడం వంటివి భరతుడి నాట్యశాస్త్రం దానికి చెప్పిన అనుభావాలు. వీటిలో ఒక్కటి కూడా తకుమి ముఖంలో కనబడదు. అన్నీ చూసేవాళ్ల ముఖాల్లోనే. విస్మయానికి ఆలంబనం తకుమి, ఆశ్రయం మాత్రం గట్టుమీద నిలబడ్డ జనం. సీరీస్ నిర్మాణమంతా ఈ విభజన మీదే నిలబడింది. కారు మలుపులోకి దూరుతుంది, కెమెరా డ్రైవరుని వదిలి రెయిలింగ్ దగ్గరున్న కుర్రాడి నోటిమీదికి వెళ్తుంది. ఆ నోరు తెరుచుకుంటుంది. తరవాత ర్యోసుకే తకహాషి ముఖం. అతను వైద్యవిద్యార్థి, అకాగి రెడ్‌సన్స్ జట్టు నాయకుడు, పందేలన్నిటికీ మల్లినాథసూరి లాంటి వ్యాఖ్యాత. తాను చూసింది ఎందుకు అసాధ్యమో అతను వివరించి చెబుతాడు. వివరించాక అది ఇంకా అసాధ్యంగా కనిపిస్తుంది.

అందరికంటే ముందు ఆశ్చర్యపోయినవాడు ర్యోసుకే తమ్ముడు కేసుకే. పందెం ఇంకా జరగకముందే, తెల్లవారుజామున అకినా దిగుతుంటే వెనకనుంచి ఒక పాత టొయోటా వచ్చి అతన్ని దాటేసి వెళ్లిపోతుంది. తాను చూసింది కారో దయ్యమో అతనికి అర్థం కాదు. అద్భుతరసానికి శాస్త్రం చెప్పిన రంగు పసుపు, కేసుకే మాజ్దా ఆర్ఎక్స్-7 కూడా పసుపే. షిగెనో భరతుణ్ణి చదివి ఉంటాడని నేననను. యాదృచ్ఛికమే, అయినా ఎంత ముచ్చటగా ఉంది!

ఆ పాత బండి టొయోటా స్ప్రింటర్ ట్రూనో, ఏఈ86. 1983 నుంచి 1987 దాకా తయారైన రకం. 1.6 లీటర్ల ఇంజను, వెనక చక్రాలు తోస్తాయి, వెయ్యి కిలోల లోపు బరువు. తెలుపూ నలుపూ రంగులు, దీపం వెయ్యగానే కనురెప్పల్లా పైకి లేచే హెడ్‌లైట్లు. తలుపుమీద 'ఫుజివారా తోఫు దుకాణం' అని రాత. తకుమితో పోటీకి దిగే నకజాతో అనే డ్రైవరు నడిపే స్కైలైన్ జీటీ-ఆర్ పక్కన నిలబెడితే దీన్ని ఎవరూ రెండోసారి చూడరు. కథలో డబ్బున్న బళ్లన్నీ బలంతో పరిగెడతాయి. ఇది ఒక్కటే బరువుతో పరిగెడుతుంది.

నాకు ఈ సీరీస్‌లో అన్నిటికంటే గొప్పగా అనిపించేది బరువుని చూపించిన తీరు. తెరమీద వేగాన్ని చూపించడం సులువు, చెట్లని గీతలుగా సాగదీస్తే చాలు. ఇక్కడ బొమ్మవాళ్లు అంతటితో వదల్లేదు. బ్రేకు తొక్కగానే కారు ముక్కు వంగుతుంది. బరువంతా ముందు చక్రాల మీదికి వస్తుంది, వెనక భాగం తేలికవుతుంది. అదే క్షణాన స్టీరింగు చిన్నగా తిప్పితే వెనక చక్రాలు పట్టు వదిలి పక్కకి జారడం మొదలుపెడతాయి. డ్రైవరు స్టీరింగుని జారుతున్న వైపే తిప్పి, యాక్సిలరేటర్ మీద పాదాన్ని వెంట్రుకవాసి కదుపుతూ ఆ జారుడుని మలుపు చివరిదాకా నిలబెడతాడు. డ్రిఫ్ట్ అంటే ఇదే. ఈ కళలో పేరుమోసిన రేసరు కెయిచి త్సుచియా సీరీస్‌కి సలహాదారుగా ఉన్నాడు, ఆయన సొంత బండి కూడా ఏఈ86. అందువల్లే కాబోలు, తకుమి మడమ, వేళ్లు, గేరు రాడ్డు కదిలే వరసలో ఎక్కడా అబద్ధం కనిపించదు. అప్పుడు కప్పులో నీళ్లు గుర్తొస్తాయి. అవి కప్పు అంచువెంట గుండ్రంగా తిరుగుతాయి, బయటికి దూకవు. కారు మొత్తం విలవిల్లాడుతున్నట్టు బయటివాళ్లకి కనిపిస్తుంటే, లోపల ఒక చోట ఏమీ కావడం లేదు. ఆ చోటుని చూపించడానికే ఇన్ని టైర్ల కేకలు.

కేసుకేతో పందెంలో వరసగా వచ్చే అయిదు హెయిర్‌పిన్ వంపుల ఘట్టం చూడండి. ముందున్న ఆర్ఎక్స్-7 బలం ముందు తకుమికి దాటే దారి లేదు. వంపు లోపలివైపు వాననీటి కోసం కట్టిన సన్నటి సైడు కాలువ ఉంది. తకుమి లోపలివైపు చక్రాలని అందులోకి దింపేస్తాడు. మలుపులో బండిని బయటికి లాగే శక్తిని కాలువ గోడ పట్టి ఆపుతుంది. మామూలుగా సాధ్యం కాని వేగంతో కారు పట్టాలమీద రైలులా తిరిగి బయటపడుతుంది. ఊహించలేని ఉపాయం, ఒక్కసారి చూశాక ఎంత సహజం! రోజూ అదే రోడ్డు మీద తిరిగేవాడికి తప్ప ఆ కాలువ ఎవరికీ ఆయుధంగా కనిపించదు. కథనం తొందరపడకుండా ఆ చక్రం కాలువలో పడే చప్పుడుని వినిపిస్తుంది. గట్టుమీద జనం ఒక్క క్షణం మాట్లాడరు. తరవాత అరుస్తారు.

చప్పుడు దగ్గరికి వచ్చాం కాబట్టి పాటల సంగతి. పందెం వేడెక్కగానే యూరోబీట్ మొదలవుతుంది. ఇటలీ సంగీతకారులు జపాన్ డాన్స్ హాళ్ల కోసం తయారుచేసిన, నిమిషానికి 150 దరువుల చుట్టుపక్కల ఉరికే పాటలు. డేవ్ రాడ్జర్స్ లాంటి వాళ్ల గొంతులు. మాటల్లో అర్థం వెతికితే చేతికేమీ చిక్కదు. ఇంత నిశ్శబ్దమైన కథానాయకుడికి ఇంత రొద ఎందుకని మొదట విసుగేస్తుంది. నాలుగైదు భాగాలయ్యేసరికి విషయం అర్థమవుతుంది. తకుమి గుండె కొట్టుకోవడం మనకి వినిపించదు, బహుశా అది మామూలుగానే కొట్టుకుంటూ ఉంటుంది. ఆ పాట కొట్టుకునేది చూసేవాళ్ల గుండె. ముఖాల్లో పెట్టిన విస్మయాన్నే చెవుల్లోనూ పెట్టారు.

ఉసుయి ఘట్టంలో ఇదంతా కాస్త తలకిందులవుతుంది. అక్కడ ఎదురైనవాళ్లు ఇద్దరమ్మాయిలు, మకో, సయుకి. ఒకరు నడుపుతారు, ఒకరు పక్కన కూర్చుంటారు. సీరీస్ మొత్తంలో ర్యాలీ జంటకి అతి దగ్గరగా వచ్చింది వీళ్లే. దారి తెలియని కొండమీద తకుమికి మొదటిసారి వాళ్ల వెనక దీపాలే దారి. ఇదివరకు అతన్ని చూసి అందరూ నివ్వెరపోయేవారు, ఇక్కడ అతనే ఇంకొకరి బండి నడకని చూసి నేర్చుకుంటాడు. ఆ కాసేపూ అతని కళ్లలో మెరుపు కనిపిస్తుంది.

'సెకండ్ స్టేజ్'లో ర్యాలీ కార్లే వచ్చి పడతాయి. ఎంపరర్ జట్టు వాళ్లందరివీ మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్లు. పందెపు బండికి మాతృకని వేలల్లో తయారుచేసి మామూలు జనానికి అమ్మాలన్న ర్యాలీ నియమం వల్ల రోడ్డు మీదికొచ్చిన కార్లివి. టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయింది ఈ బళ్లతోనే. జట్టు నాయకుడు క్యోయిచి సుదో నల్లటి ఎవల్యూషన్-3లో ఇంకో ర్యాలీ విద్య కూడా ఉంది. యాక్సిలరేటర్ వదిలినా ఎగ్జాస్ట్‌లో ఇంధనాన్ని మండించి టర్బోని తిప్పుతూనే ఉంచే ఏర్పాటు. దాంతో మలుపు దాటగానే బలం క్షణం ఆలస్యం లేకుండా అందుతుంది. ఆ మండే చప్పుడు టపటపా తుపాకీ పేలినట్టు చీకటి కొండల్లోంచి వినిపిస్తుంటే, కారు కనబడకముందే భయం వేస్తుంది. నాలుగు చక్రాలూ తోసే బండి, పక్కాగా లెక్కలు కట్టుకున్న డ్రైవరు. అకాగి మీద తకుమి ఏఈ86 అతన్ని తరిమి తరిమి చివరికి ఇంజను పేలి ఆగిపోతుంది.

సీరీస్‌లో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం అది. అద్భుతానికి హద్దు ఉందని ఒప్పుకున్న చోటు. ఎంత నేర్పున్నా లోహానికి ఓపిక అయిపోతుంది. తండ్రి బుంతా మాత్రం ముందే ఊహించి పందేల కోసం తయారైన వేరే ఇంజను కొని సిద్ధంగా ఉంచాడు. నిమిషానికి 11,000 చుట్లు తిరిగే ఇంజను. దాన్ని కొత్తగా అలవాటు చేసుకోవడానికి తకుమి తిప్పలు పడతాడు. అయిదేళ్ల అలవాటు ఒక్కసారిగా పనికిరాకుండా పోయినవాడి ఉక్రోషం అతని ముఖంలో మొదటిసారి స్పష్టంగా కనిపిస్తుంది.

లోపాలు లేవా? ఉన్నాయి, దాచుకోను. మనుషుల ముఖాలు మొరటుగా గీశారు, పెదాలు ఉబ్బి, ముక్కులు పొడుచుకొచ్చి. నత్సుకి కథని నడిపిన తీరులో సున్నితత్వం తక్కువ, ఆ అమ్మాయి మనసులోకి రచయిత నిజంగా ఎప్పుడూ తొంగిచూడలేదు. 1998 నాటి కంప్యూటర్ బొమ్మలతో చేసిన కార్లు ఇప్పటి కళ్లకి ఆటబొమ్మల్లా ఉంటాయి. అయినా తరవాతి స్టేజిల్లో నునుపు తేలిన కార్లకంటే ఆ మొరటు కార్లలోనే బరువు ఎక్కువ తెలిసింది నాకు. కొత్త కార్లు తేలుతున్నట్టుంటాయి, పాతవి రోడ్డుని రాసుకుంటూ పోతాయి.

ఇదే లోకంలో సాగే 'ఎంఎఫ్ గోస్ట్' 2023లో యానిమేషన్‌గా వచ్చింది. తకుమి ఇంగ్లండ్ వెళ్లి ర్యాలీ డ్రైవరయ్యాడనీ, ప్రమాదం వల్ల ఆ జీవితం ముగిసి శిక్షకుడిగా మారాడనీ అందులో తెలుస్తుంది. కొత్త కథానాయకుడు అతని శిష్యుడే. తోఫు కోసం నేర్చిన నడక ర్యాలీకి చేరిందంటే ఆశ్చర్యమేమీ కలగలేదు నాకు. అక్కడికి కాక ఇంకెక్కడికి పోతుంది?

చూడాలనుకుంటే 'ఫస్ట్ స్టేజ్' నుంచే మొదలుపెట్టండి, జపనీస్ ధ్వనితో చూడండి. అమెరికాలో చేసిన తొలి ఇంగ్లిష్ డబ్బింగులో యూరోబీట్ తీసేసి వేరే పాటలు పెట్టారు, దాంతో సగం రసం ఆవిరైపోయింది. మూడో భాగం దాకా మనుషుల ముక్కుల్ని భరించండి. కారు ముక్కు వంగడం కనిపించాక ఇక వదలరు.