ఎవరు చెప్పారు తల్లీ?

ఒక విషయంలో మన ఆడవాళ్ళ నిజాయితీకి పేరు పెట్టడానికి వీల్లేదు. పచ్చడి బావుందని ఎవరైనా మెచ్చుకుంటే "మా పెద్దత్తగారు నేర్పింది వదినా, ఆ కాస్త మెంతిపిండి మాత్రం నా సొంతం" అంటాం. ఎవరి దగ్గర తెచ్చుకున్నామో, అందులో మన వంతు ఎంతో ఒక్క వాక్యంలో తేల్చేస్తాం. ఇంత మర్యాద తెలిసిన ఇళ్ళల్లోంచి కాలేజీకి వెళ్ళిన పిల్లలు, తెలుగు వ్యాసం రాయమనేసరికి "పెద్దల అభిప్రాయం", "విమర్శకులు చెప్పినట్టు" అని ఊరూ పేరూ లేని మాటలు ఎందుకు రాస్తారో నాకు బోధపడదు.

ఈమధ్య హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల డిగ్రీ పిల్లలు రాసిన వ్యాసాలు ఒక కట్ట చదివాను. విషయం పుట్టపర్తి నారాయణాచార్యుల "పెనుగొండ లక్ష్మి". వాళ్ళ సీమ కవి, వాళ్ళ ఊరి కావ్యం. 1565లో విజయనగరం కూలిన తర్వాత రాజధాని అయి, తర్వాత తానూ పాడుబడిన కోటను చూసి కవి పడిన ఆవేదన అది. కొండ ఎక్కితే రాళ్ళు ఇంకా కనిపిస్తాయి. కాబట్టి ఒక్కొక్కరూ ఒక్కో విధంగా రాసి ఉంటారని ఆశపడ్డాను.

నాలుగు వ్యాసాలు చదివేసరికి ఐదోది చదవకుండానే చెప్పగలిగాను! అవే విశేషణాలు, అదే వరస, అదే ముగింపు. అందరికీ ఒకే గైడు పుస్తకం, లేకపోతే ఒకే ఫోను. ఒక అబ్బాయి మరీ ముందుకు వెళ్ళి ఈ కావ్యంలో వాసవీ కన్యకాపరమేశ్వరి చరిత్ర ఉందన్నాడు. ఆ తల్లి ఊరు గోదావరి వైపు పెనుగొండ. పేరు ఒకటైనంత మాత్రాన పెళ్ళికొడుకు మారిపోతాడా? పుస్తకం ఒక్కసారి తెరిచి, ఏ పుటలో ఉందో రాయాల్సి వచ్చి ఉంటే ఆ పొరపాటు అక్కడే పట్టుబడేది. ఆధారం చూపించడమనేది పంతులుగారి చాదస్తం కాదు. అది ముందు మనల్ని కాపాడుతుంది.

పుట్టపర్తివారి గురించి అందరూ ముచ్చటగా చెప్పుకునే సంగతి ఒకటుంది. ఆయన చిన్ననాడు రాసిన ఈ కావ్యమే తర్వాత విద్వాన్ పరీక్షకు పాఠ్యమయింది. ఆ పరీక్ష రాయడానికి కూర్చున్న వారిలో ఆయనా ఒకరు! ప్రపంచంలో ఎంతమంది కవులకు ఇలాంటి చిక్కు వచ్చి ఉంటుంది? ఈ సంగతి దాదాపు అన్ని వ్యాసాల్లోనూ ఉంది. అయితే కావ్యం రాసేనాటికి కవికి ఒకరి లెక్కలో పన్నెండేళ్ళు, ఇంకొకరి లెక్కలో పద్నాలుగు. ఎక్కడ చదివారో ఒక్కరూ రాయలేదు. రాసి ఉంటే ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, ఏది ముందుదో, ఏది కవి బతికుండగా (1914–1990) వచ్చిందో చూసి, ఒక మాటకు వచ్చేవాళ్ళం. ఇప్పుడు మనకు మిగిలింది రెండు అంకెలు మాత్రమే.

సంవత్సరం వేయడం కూడా ఉత్త అలంకారం కాదు. పాత పుస్తకాల్లో పెనుకొండ అనంతపురం జిల్లా. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఈ మూడు ఊళ్ళూ అందులోకి వెళ్ళాయి. పాత పుస్తకం తప్పు చెప్పలేదు, దాని కాలానికి అది నిజమే. అచ్చయిన ఏడు పక్కన ఉంటే చదివేవాళ్ళకు ఆ సంగతి తెలుస్తుంది, లేకపోతే తగువు మిగులుతుంది.

ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి అని ఈసడించేవారున్నారు. హిందూపురానికి దగ్గర్లోనే ఉన్న లేపాక్షి గుడి గోడలు చూస్తే ఆ మాట అనరు. అచ్యుతదేవరాయల కాలం (1529–1542) నాటి శాసనాలు అక్కడున్నాయి. ఏ రాజు ఏలుబడిలో, ఏ శక సంవత్సరంలో, ఎవరు, ఎవరికి, ఏమిచ్చారో చెప్పడం శాసనం పద్ధతి. శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క వచ్చేస్తుంది. గుడి కట్టించిన విరూపణ్ణ తన కళ్ళు తీసి గోడకు కొట్టాడనే కథ కూడా అక్కడే వింటాం. కథ వద్దని నేననను. కానీ శాసనాన్ని శాసనమనీ, కథను కథ అనీ వేర్వేరుగా రాయాలి. రెండూ కలిపి "చరిత్ర చెబుతోంది" అంటే ఎలా? కాళిదాసుకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి, మూలం లేనిదేదీ రాయబోనని ముందే మాట ఇచ్చాడు. ఆయన మన మెతుకుసీమవాడే.

ఇక ఆ కట్టలో నన్ను ఆపేసిన వ్యాసం ఒకటి చెప్పాలి. ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటి పిల్ల రాసింది. భాషలో తప్పులున్నాయి, గైడు వాక్యాలూ కొన్ని దొర్లాయి. మధ్యలో ఒక్కచోట మాత్రం ఇలా రాసింది: మగ్గం మీద పడుగు అయిపోతే, పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతుకుతారు. పాత కొస లేకుండా కొత్తది ఎక్కించడం ఎంత కష్టమో మా అవ్వ చెబుతుంది. ఈ కవి కూడా పాడుపడిన కోటలో పాత కొసలు వెతుక్కుంటున్నాడని నాకు అనిపించింది.

ఎంత మంచి మాట! ఆ కావ్యం గురించి ఆ కట్ట మొత్తంలో ఉన్న సొంత మాట అదొక్కటే. దాని కింద ఎవరో ఎర్ర సిరాతో గీసి "ఆధారం లేదు" అని రాశారు. గైడులోంచి ఎత్తిన పేరాల పక్కన మాత్రం గీతలు లేవు.

నా కోపం ఇక్కడే. అచ్చులో ఉన్నదానికి ఎవరిదని అడగరు. నోటితో చెప్పినదానికి, చెప్పిన మనిషి ఎదురుగా ఉన్నా, ఆధారం కాదంటారు. ఆ పిల్ల చేసింది తప్పు కాదు, సగం పని. మిగతా సగం ఎలాగో నేర్పవలసింది దిద్దినవారే. పుస్తకమయితే రచయిత, పుస్తకం పేరు, ప్రచురించినవారు, ఊరు, సంవత్సరం, పుట. పాత కావ్యమయితే ఆశ్వాసం, పద్యం సంఖ్య, ఎందుకంటే పుటలు ముద్రణ ముద్రణకూ మారతాయి. ఒకరి పుస్తకంలో ఇంకొకరి మాట చూస్తే, చూసిన పుస్తకం పేరే చెప్పాలి గాని మూలం తానే చదివినట్టు నటించకూడదు. ఫోనులో చదివితే ఎక్కడ, ఏ రోజు చదివారో రాయాలి. అవ్వ చెబితే అవ్వ పేరు, ఊరు, చేసే పని, మాట్లాడిన తేదీ. అంతే!

పట్టుచీరలో అంచు ఎక్కడ మొదలైందో, ఒంటి రంగు ఎక్కడ ఆగిందో చూడగానే తెలుస్తుంది. రెండూ కలిస్తేనే అందం, కానీ ఒకదాన్నొకటి మింగవు. వ్యాసంలో కొటేషను గుర్తులు చేసే పని అదే. ఇవతల నా మాట, అవతల వాళ్ళ మాట. ఇలా విడదీసి చూపించినప్పుడే మన మాట ఎంత కొంచెమైనా మనదిగా నిలుస్తుంది. అందరి మాటలూ కలిపి కుట్టేసుకున్న పిల్లకు, చివరికి తన మాట ఏదో తనకే తెలియకుండా పోతుంది.

మీ ఇంట్లో అబ్బాయో అమ్మాయో వ్యాసం రాసుకుంటుంటే ఎన్ని పేజీలయిందని అడక్కండి. ఏదో ఒక వాక్యం మీద వేలు పెట్టి "ఇది ఎవరు చెప్పారు?" అని అడగండి. "ఫలానా పుస్తకంలో ఫలానా పుట" అంటే సంతోషం. "నేనే అనుకున్నానమ్మా" అంటే ఇంకా సంతోషం. "అవ్వ చెప్పింది" అంటే, అవ్వ పూర్తి పేరు అడిగి, ఆ వాక్యం కిందనే రాయించండి.