మూడో కుర్చీ

ఈ వారం నా ఒళ్లు మండించింది ఒక వాట్సాప్ మెసేజి. గుంటూరులో బీకాం రెండో ఏడాది చదువుతున్న మా మేనకోడలు పంపింది. 2,500 కడితే రెండు నెలల ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఫోన్లోకి వచ్చేస్తుందట. ఆఫీసుకు పోనక్కర్లేదు, పనీ చెయ్యనక్కర్లేదు. కింద ఒక ప్రశ్న: "కట్టెయ్యనా మావయ్యా?"

పని నేర్చుకోవడానికి ఎదురు డబ్బివ్వడం గురించి నేనేమంటానో ఈ కాలమ్ పాఠకులకు కంఠతా వచ్చు. మళ్లీ విసిగించను. ఆ పిల్ల ఇబ్బంది మాత్రం నిజం. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2020-21 నుంచి చదువులో భాగంగా పది నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలలు బయట పని. ఎవరినడిగినా "ఇంతకుముందు ఎక్కడైనా చేశావా?" అంటున్నారు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు. 2024 అక్టోబరులో కేంద్రం మొదలెట్టిన పీఎం ఇంటర్న్‌షిప్‌లో నెలకు 5,000 ఇస్తామన్నారు గానీ, మొదట్లో పెట్టిన షరతుల ప్రకారం దానికి 21 ఏళ్లు నిండాలి, రెగ్యులర్ చదువులో ఉండకూడదు. మా పిల్లకు 19.

ఫోన్ చేసి "వెళ్లి తలుపు తట్టవే" అన్నాను. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? నా ప్రెస్సు కథ ఎత్తుకున్నాను.

1983 వేసవి, తెనాలి. లగ్గసరి రోజులు. ట్రెడిల్ మీద శుభలేఖలు టకటకా పడుతున్నాయి. నాకిచ్చిన పని డిస్ట్రిబ్యూషన్. అంటే అచ్చు పూర్తయిన మ్యాటరు విప్పి, సీసపు అక్షరాలను కిరసనాయిలుతో కడిగి, దేన్ని దాని గడిలో వెయ్యడం. తెలుగు కేసంటే మాటలా? అక్షరానికో గడి, వత్తుకో గడి, అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. నెల దాకా అక్షరాలు పేర్చే స్టిక్కు ముట్టుకోనివ్వలేదు. మూడో రోజున 'ధ'లు కొన్ని 'ద' గడిలో పడేశాను. మర్నాడు ప్రూఫులో పెళ్లికొడుకు ఇంటిపేరే మారిపోయింది. ఫోర్‌మన్ నా నెత్తిన మొట్టి, ఆ గడి మొత్తం బోర్లించి, "ఏరు" అన్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. ఇవాళ్టికీ ఎక్కడైనా వత్తు తప్పితే నా కన్ను అక్కడే పడుతుందంటే, ఆ మధ్యాహ్నం చలవే. జీతం లేదు. అయినా ఎవరి సిఫార్సూ లేకుండా నేనే వెళ్లి, తలుపు తట్టి...

"ఏం తట్టావన్నయ్యా?" ఫోన్ మా చెల్లెలి చేతిలోకి మారినట్టుంది. "ఆ ప్రెస్సుకు కాగితం అరువిచ్చేది నాన్నే కదా! ముందురోజు ఆయన వెళ్లి చెప్పొచ్చాడు. నువ్వెళ్లింది మర్నాడు."

నలభై ఏళ్లుగా చెబుతున్న కథ. ఈ కాలమ్‌లోనే రెండుసార్లు రాశాను.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత పిల్లను మళ్లీ పిలిచి, కమ్యూనిటీ సర్వీసులో ఏం చేశావని అడిగాను. పొన్నూరు దగ్గర ఒక ఊళ్లో డ్వాక్రా సంఘం పుస్తకాలు రాసిందట. ఏడు నెలలుగా బ్యాంకు పాసుపుస్తకంతో తేడా వస్తున్న లెక్కను పట్టుకుందట. మరి రెజ్యూమెలో? "అది అనుభవం కాదుగా మావయ్యా, ప్రాజెక్టు." అక్కడ మాత్రం హాబీల కింద పాటలు వినడం రాసి ఉంది. అది కొట్టేసి, తేడా ఎక్కడ ఎలా దొరికిందో నాలుగు వరుసలు రాయమన్నాను.

సిఫార్సులంటే నాకు గిట్టదని మీకు తెలుసు. అయినా గుంటూరులో నాకు తెలిసిన ఆడిటర్‌కు ఫోన్ చేశాను. నెలనెలా 20వ తేదీకి జీఎస్టీ రిటర్న్‌లు వెయ్యాలి. ఆయన ఆఫీసులో వోచర్లు సర్దే చేతులు ఎప్పుడూ తక్కువే. మా నాన్నకు కాగితం కొట్టుంది, నాకు ఫోనుంది, అంతే తేడా.

"మా క్లాసులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్లకు మావయ్యల్లేరు," అంది పిల్ల ఆ సాయంత్రం.

మళ్లీ ఫోన్ చేశాను. ఆడిటర్ నసిగాడు. డ్వాక్రా తేడా సంగతి చెప్పాక, ముగ్గురినీ సోమవారం పంపమన్నాడు గానీ, ఆఫీసులో ఖాళీ కుర్చీలు రెండే ఉన్నాయట. మూడోది మా చెల్లెలు ఇంటినుంచి ఆటోలో వేసి పంపుతోంది.