మారు తాళంచెవి

నా నడక మూడుసార్లు మొదలై మూడుసార్లూ ఆగిపోయింది. బూట్లు కొన్నాను, అలారం పెట్టుకున్నాను, పక్కింటి వదినను తోడు తీసుకెళ్లాను. పది పన్నెండు రోజులు గడిచాక ఒక తెల్లవారుజామున లేవలేకపోయేదాన్ని. మర్నాడూ అంతే. బూట్లు అటకెక్కేవి. బద్ధకమన్నారు ఇంట్లో. నేనూ నమ్మాను.

నాలుగోసారి మొదలుపెట్టబోతూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే బరువు చూడకముందే టేపు తీసి నడుం కొలిచింది. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదంది. పొట్ట చుట్టూ చేరే కొవ్వే మనవాళ్లకు షుగరు తెచ్చిపెడుతుందట. నాది 91. ఏం తింటావని అడుగుతుందనుకుంటే, "ఎన్నింటికి పడుకుంటావమ్మా?" అనడిగింది.

ఎన్నింటికని చెప్పను? మావారు షాపు కట్టేసి వచ్చేసరికి తొమ్మిదిన్నర. రాత్రి అందరూ కలిసి తినాలన్నది మా అత్తగారి నాటి పద్ధతి. పప్పు, కూర, చారు, పెరుగు అయ్యి, గిన్నెలు కడిగి, పొయ్యి గట్టు తుడిచి నడుం వాల్చేసరికి పన్నెండు. అయిదింటికి లేవాలంటే నడకకయ్యే సమయమంతా నిద్రలోంచే తీయాలి. శరీరం కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, తర్వాత ఆకలి రూపంలో వసూలు చేసుకుంటుంది. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుందని, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుందని పరిశోధకులు గమనించారు. నడిచొచ్చిన రోజునే పదకొండింటికల్లా జంతికల డబ్బా ఎందుకు తెరిచేదాన్నో అది విన్నాక అర్థమైంది. ఎంత నడిచినా బరువు తగ్గలేదని కళ్లనీళ్లు పెట్టుకున్న ఆడవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లను ఎన్నింటికి పడుకుంటావని ఎవరైనా అడిగారా?

అప్పుడు మా తమ్ముడు గుర్తొచ్చాడు. ఎనిమిదైతే గానీ మంచం దిగని మనిషి, అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ నాలుగింటికే లేచి చన్నీళ్ల స్నానం చేశాడు. ఒక్కరోజు తప్పలేదు. భక్తి ఉంది, కాదనను. దానితోపాటు ఆ ఇల్లంతా స్వామి వేళకు మారింది. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి తేలికగా అల్పాహారం, పెందలాడే చాప పరిచేయడం, టీవీ కట్టేయడం. మాల తీసిన వారానికి ఇల్లు పాత వేళలకు వెళ్లింది, వాడూ వెళ్లాడు.

లండన్‌లో 96 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2009లో వెలువడింది. కొత్త పని అలవాటుగా కుదురుకోవడానికి సగటున 66 రోజులు పట్టిందట. కొందరికి 18 చాలాయి, కొందరికి 254 కావాలని లెక్క తేలింది. నాకు ధైర్యమిచ్చింది మాత్రం అందులోని మరో మాట: మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడదు. నేను మూడుసార్లూ ఆ ఒక్కరోజుకే బెదిరిపోయాను.

మావారితో చెప్పడం నడకకన్నా కష్టమైంది. "నేను ఎనిమిదింటికి తినేస్తానండీ."

"అయితే నేను ఒక్కణ్నే తినాలా?"

ఆ మాటకు రెండు వారాలు వెనక్కి తగ్గాను. తర్వాత ఆయనే, "క్యారేజీ పంపించు, నేనూ ఆ వేళకే షాపులో తినేస్తా" అన్నారు. ఆదివారం మధ్యాహ్నం మాత్రం అందరం కలిసి కూర్చుంటాం. పదింటికి లైట్లు ఆర్పేస్తాం.

రెండేళ్లయింది. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున బళ్లు ఆపేస్తారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరీన్ మ్యూజియం వైపు వెళ్లి తిరిగొస్తాను. అరగంట చొప్పున వారానికి అయిదు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కనీసమని చెప్పే 150 నిమిషాలు అంతే. నడుం 85కు వచ్చింది.

వదిన మాత్రం ఇంకా రావడం లేదు. వాళ్లబ్బాయి అమెరికా కంపెనీ షిఫ్టు చేసి రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరతాడు. తలుపు తీయడానికి ఆవిడ కూర్చునే ఉంటుంది. "ఎదిగిన పిల్లాడు వదినా, అన్నం బల్ల మీద మూతపెట్టి ఉంచు, మారు తాళంచెవి ఒకటి చేయించి ఇవ్వు" అన్నాను. "అమ్మ మేలుకుని ఉంటే వాడికి బావుంటుందే" అంది. నిన్న సాయంత్రం ఇద్దరం కలిసి వీధి చివర తాళాలు బాగుచేసే అతని దగ్గరికి వెళ్లాం.