అడక్కుండా చెరపని చేతిరాత

మా మెట్ల కింద ఉన్న పాత కంప్యూటర్‌లో 2011లో డెబియన్ 6 అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. ఇవాళ అందులో నడుస్తున్నది డెబియన్ 13. ఈలోపు రెండు హార్డ్ డిస్కులు, ఒక పవర్ సప్లై పోయాయి. డిస్కు మార్చినప్పుడల్లా పాతదాన్ని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి ఎక్కించానే తప్ప, సిస్టమ్‌ను చెరిపి మళ్లీ మొదటినుంచి వేసింది లేదు. ఏడు అప్‌గ్రేడ్‌లూ ఉన్నచోటే జరిగాయి. నాన్న పాడిన తత్వాలు, పిల్లల ఫొటోలు, ఇంటి లెక్కలు అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి.

ఇన్నేళ్లు నిలిచిందంటే పాతకాలపు ఇనుము గట్టిది అంటారు చూసినవాళ్లు. ఇనుము పోతూనే ఉంది. నిలబెట్టింది డెబియన్ వాళ్లు పెట్టుకున్న ఒక కట్టుబాటు. ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన ఈ వ్యవస్థను స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నడుపుతున్నారు. దాదాపు రెండేళ్లకోసారి కొత్త విడుదల వస్తుంది. ఎన్ని వచ్చినా, ఈటీసీ డైరెక్టరీలో మనం చేత్తో దిద్దుకున్న సెట్టింగుల ఫైల్‌ను మనల్ని అడక్కుండా మార్చకూడదన్నది వాళ్ల నియమం.

ఇది ఎలా సాధ్యమో తెలిశాక నాకు ఆ పనితనం మీద గౌరవం పెరిగింది. ప్యాకేజీతో వచ్చిన ప్రతి సెట్టింగుల ఫైల్‌కూ ఒక గుర్తు, అంటే చెక్‌సమ్, డీపీకేజీ అనే ప్రోగ్రాం దాచుకుంటుంది. అప్‌గ్రేడ్ వేళ దానితో పోల్చి చూస్తుంది. మనం ఫైల్‌ను ముట్టుకోలేదా, కొత్తది పెట్టేస్తుంది. మనం దిద్దాం కానీ ప్యాకేజీవాళ్లు ఏమీ మార్చలేదా, మనదే ఉంచుతుంది. ఇద్దరమూ మార్చామా, అప్పుడు ఆగి అడుగుతుంది. డి నొక్కితే రెండింటికీ ఉన్న తేడా చూపిస్తుంది. ఊరికే ఎంటర్ కొడితే మన ఫైలే మిగులుతుంది, కొత్తది పక్కనే వేరే పేరుతో ఉంటుంది. తీరిగ్గా చదివి కావలసిన వరుసలు తెచ్చుకోవచ్చు.

మిగతా పద్ధతంతా ఓపికే. ముందు బ్యాకప్, అదీ వేరే డిస్కు మీదికి. దూరంనుంచి చేస్తుంటే టీమక్స్ అనే ప్రోగ్రాం లోపల చేయాలి, లైన్ తెగినా పని నడుస్తుంది. తర్వాత సోర్సెస్ జాబితాలో విడుదల పేరు మార్చి, మొదటి దఫాలో కొత్త ప్యాకేజీలేవీ చేర్చకుండా, దేన్నీ తీసేయకుండా ఉన్నవాటినే పెంచాలి. రెండో దఫాలో పూర్తి అప్‌గ్రేడ్. 11 నుంచి నేరుగా 13కి దూకకూడదు. పాతదాన్ని కొత్తదానిలోకి మళ్లించే ఏర్పాట్లన్నీ సరిగ్గా దానికి ముందటి విడుదలను దృష్టిలో పెట్టుకునే రాస్తారు, పరీక్షిస్తారు. మధ్య మెట్టు ఎక్కి, రీబూట్ చేసి, అన్నీ సరిగా ఉన్నాయని చూసుకున్నాకే పై మెట్టు.

అన్నిటికన్నా ముఖ్యం రిలీజ్ నోట్స్ చదవడం. 2019లో డెబియన్ 10కి వెళ్లేటప్పుడు నేను సగం చదివి వదిలేశాను. పాత సిస్టమ్‌లలో నెట్‌వర్క్ కార్డును ఈటీహెచ్ సున్నా అని పిలిచే ఏర్పాటుకు ఇక భరోసా లేదని, ముందే కొత్త పేరుకు మారమని అందులో స్పష్టంగా రాసి ఉంది. రీబూట్ అయ్యాక సర్వర్ పలకలేదు. మానిటర్, కీబోర్డు మోసుకెళ్లి మెట్ల కింద కూర్చుని సరిచేసేసరికి రాత్రి పన్నెండు దాటింది. అప్పటినుంచి ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ రోజు ఏ ఫైల్ మార్చానో, ఎందుకు మార్చానో అందులో రాస్తాను.

ఈ తోవ అందరికీ ముందుకు సాగదు. 32 బిట్ పీసీలకు డెబియన్ 13లో కెర్నెల్ గానీ ఇన్‌స్టాలర్ గానీ లేవు. అలాంటి మెషీన్ ఉన్నవాళ్లు 12తో ఆగాల్సిందే. మాది 64 బిట్‌ది కావడంతో గట్టెక్కింది.

ఆ 13 అప్‌గ్రేడ్‌లోనే, ఇంట్లోవాళ్లకు పాటలు అందించే ప్రోగ్రాం దగ్గర ప్రశ్న వచ్చింది. తేడా చూపించమన్నాను. ఎప్పుడో 2012లో నేను రాసుకున్న వరుస తెర మీదికి వచ్చింది: నాన్న గది రేడియో కోసం. ఆ గదిలో ఇప్పుడు రేడియో లేదు. ఎంటర్ కొట్టాను.