పాత ట్రక్కు అడుగున కనిపించే పనితనం

ట్రాక్టరు ట్రక్కు పాతది అమ్మకానికొచ్చిందంటే మన ఊళ్లలో ముందు టైర్లు చూస్తారు, తర్వాత రంగు చూస్తారు, ఆ వెంటనే ధర అడుగుతారు. ఈ మూడూ మారిపోయేవే. టైరు కొత్తది వేయించుకోవచ్చు, రంగు ఒక్క పూటలో కొట్టించుకోవచ్చు, ధర పొద్దున ఒకటుంటే సాయంత్రానికి ఇంకొకటవుతుంది. మార్చడానికి వీల్లేనివి దాని చాసీ, దాని అతుకులు. అంటే దాన్ని కట్టిన మనిషి చెయ్యి. కొనాలా వద్దా అన్న ప్రశ్నకు సగానికి పైగా జవాబు ఆ చేతిలోనే దొరుకుతుందని నా నమ్మకం. ఈమధ్య దుగ్గిరాల వైపు చూసిన ఒక రెండు చక్రాల ట్రక్కు ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచింది.

కొనాలనుకున్నది మా బంధువుల కుర్రాడు. ట్రాక్టరుంది, పనిముట్లున్నాయి. దమ్ముల రోజుల్లో ఊరూరా తిరిగి చేలు దున్నిపెడతాడు. ఇనప చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డంతా గాట్లు పడతాయి, కాబట్టి రబ్బరు టైర్లతో వెళ్లి చేను గట్టున చక్రాలు మార్చుకోవాలి. ఆ చక్రాలు, ఆరడుగుల రోటవేటరు, డీజిలు డ్రమ్ము, పసుపు తవ్వకాల కాలంలో దుంప ఉడకబెట్టే డ్రమ్ములు, ఇవన్నీ మోయడానికి అతనికి ట్రక్కు కావాలి. కొత్తది కట్టించే స్తోమత ఈ ఏడాదికి లేదు.

ధాన్యం బస్తాలు తోలేవాడికీ యంత్రాలు తోలేవాడికీ ఒకే ట్రక్కు సరిపోదు. బస్తాల బరువు అడుగు రేకంతా పరుచుకుంటుంది. రోటవేటరు అలా కాదు. నాలుగైదు క్వింటాళ్ల బరువంతా రెండు మూడు చోట్ల మోపి కూర్చుంటుంది. గతుకు వచ్చినప్పుడల్లా అక్కడే గుద్దుతుంది. అందుకని అడుగు రేకు మందమెంత, దాని కింద అడ్డంగా వేసిన చానెళ్ల మధ్య ఎడమెంత అన్నవి ముందు తేలాలి. అడుగు రేకు మీద అలలు అలలుగా వంపులు కనిపిస్తే, ప్రతి అలా రెండు చానెళ్ల మధ్య రేకు దిగిపోయిన చోటన్నమాట. ఇటుక తోలినా, రాయి తోలినా అలాగే తయారవుతుంది. తడి ఇసుక తోలిన ట్రక్కుకు మూలల్లో తుప్పు ముందు పడుతుంది. పొటాష్ బస్తాలు మోసినదానికీ, రొయ్యల చెరువుల మీద ఉప్పునీళ్లు కారుతూ తిరిగినదానికీ తుప్పు రేకు అతుకుల్లోంచి పొరలు పొరలుగా లేస్తుంది. అమ్మేవాళ్లు ఏం చెప్పినా, ట్రక్కు ఇన్నాళ్లూ ఏం మోసిందో ఇనుమే చెబుతుంది.

మా వెంట వచ్చినాయన వెల్డింగు మేస్త్రి, అరవై దాటిన మనిషి. కుర్రాడు చక్రాల చుట్టూ తిరిగి, "టైర్లు బాగానే ఉన్నాయి గదా బాబాయ్" అన్నాడు.

"టైర్లు తర్వాత చూద్దాం లేరా అబ్బాయ్. ముందు అడుగున పడుకుని పైకి చూడు" అన్నాడాయన.

ముగ్గురం గోనెసంచి పరుచుకుని కిందికి దూరాం. పుస్తకం ప్రకారం అది 2007 నాటి బండి. పైన ఎన్ని రంగులు మారాయో గాని, కింద అసలు పూసిన రెడ్ ఆక్సైడ్ ఇంకా చాలాచోట్ల నిలిచి ఉంది. ఆ ఎరుపు మీద అతుకులన్నీ దాపరికం లేకుండా కనిపిస్తున్నాయి. కింద కూడా కొత్త నల్లరంగు దట్టంగా కొట్టిన ట్రక్కులు ఉంటాయి. వాటి దగ్గర అయస్కాంతం ముక్క జేబులో ఉండాలి. లప్పం పెట్టిన చోట అది అంటుకోదు.

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. ఆ ట్రక్కులో నన్ను కట్టిపడేసింది డ్రాబారు మొదలు. నిడివిగా వెళ్లే రెండు పెద్ద చానెళ్లు తొట్టి కిందినుంచి ముందుకు వచ్చి, లోపలికి వంగి, రింగు దగ్గర కలుసుకుంటాయి. ఆ వంపు తేవాలంటే చానెల్ అంచును వీ ఆకారంలో కోసి, వంచి, కోసిన చోట మళ్లీ అతకాలి. ట్రక్కు మొత్తంలో బలహీనమైన చోటు అదే. రెండు చక్రాల ట్రక్కు బరువులో కొంత ఇరుసు మీద, కొంత ట్రాక్టరు హుక్కు మీద పడుతుంది. మధ్యలో ఉన్న చానెల్ కిందికి వంగబోతుంది. వంగబోయే ప్రతిసారీ దాని కింది అంచు సాగుతుంది. ఇరుసు దాటి వెనక వేలాడే భాగంలో ఇది తిరగబడి, పై అంచు సాగుతుంది. ఇనుము ఒక్కసారిగా విరగదు. లక్షల గతుకుల్లో సాగి సాగి, ఎక్కడో ఒక గాటు దొరికితే అక్కడ వెంట్రుక మందాన చీలి, ఆ చీలిక నెమ్మదిగా పైకి పాకుతుంది.

చాలామంది ఏం చేస్తారంటే, ఆ వంపు దగ్గర బలం కోసమని కింది అంచు మీద అడ్డంగా ఒక పట్టీ పెట్టి ఈ కొసనుంచి ఆ కొసకు వెల్డింగు లాగేస్తారు. చూడటానికి గట్టిగా ఉంటుంది. నిజానికి సాగే అంచుకు అడ్డంగా పడిన ఆ గీతే చీలికకు దారి చూపిస్తుంది. ఈ ట్రక్కు కట్టినాయన ఆ పని చేయలేదు. చానెల్ నిలువు భాగానికి పక్కనుంచి ప్లేటు పెట్టాడు. ఆ ప్లేటు కూడా నలుచదరంగా లేదు, రెండు కొసలూ ఏటవాలుగా కోసి ఉన్నాయి. అలా కోస్తే బలం ఒకచోట ఠక్కున మొదలై ఠక్కున ఆగదు, మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. వెల్డింగును ప్లేటు మూల చుట్టూ తిప్పి, చానెల్ అంచుకు అంగుళం ముందే ఆపేశాడు. అంచును తాకనే లేదు. వీ కోసిన చోట అతుకును గ్రైండింగు రాయితో చదును చేశాడు. ఇంత తెలిసి చేసిన పని రోడ్డు పక్క షెడ్డులో, చేతిలో బొమ్మ గీసిన కాగితం కూడా లేకుండా జరిగి ఉంటుంది. ఆ మనిషి ఎవరో అమ్మేవాళ్లకు కూడా తెలియదు.

అతుకు గీత చూస్తే, చేయి తిరిగిన మనిషి పోసిన ముగ్గులా మొదలునుంచి చివరిదాకా ఒకే వెడల్పు. ఎక్కడా ముద్దలు లేవు, బుడగల రంధ్రాలు లేవు. గీత పక్కన ఇనుము కొరుక్కుపోయి సన్నని గాడి పడటం తొందరపాటు వెల్డింగుకు గుర్తు. అదీ లేదు. మేస్త్రి చిన్న సుత్తితో అతుకు వెంబడి తట్టుకుంటూ పోయాడు. బిగువైన చోట ఖంగుమంటుంది, చీలిన చోట బొంగురుపోతుంది. మొత్తం మీద ఒక్కచోటే బొంగురు గొంతు వినిపించింది. వెనక డోరు కడ్డీ పట్టుకునే చెవి దగ్గర. దాని మీద ఎర్రటి తుప్పు చార రంగులోంచి కిందికి కారి ఉంది. అలాంటి చార కనిపించిందంటే లోపల చీలిక ఉన్నట్టే. చెవి కాబట్టి మార్చుకుంటే సరి. అదే చార డ్రాబారు కింది అంచున కనిపించి ఉంటే మాట్లాడకుండా తిరిగొచ్చేవాళ్లం.

ఇంకో సంగతి, పైకి కనపడనిది. వెల్డింగు చల్లారేటప్పుడు కుంచించుకుని ఇనుమును తనవైపు లాక్కుంటుంది. ఒక పక్కనే ఏకధాటిగా అతుకుతూ పోతే చట్రం మెలి తిరుగుతుంది. పని తెలిసినవాడు ముందు నాలుగు మూలలా చుక్కలు పెట్టి నిలబెడతాడు, మూల నుంచి మూలకు టేపు పట్టి రెండు ఐమూలలూ సమానమయ్యాక, ఈ పక్క కాస్త ఆ పక్క కాస్త అతుక్కుంటూ వెళతాడు. ఈ బండి అడుగు రేకును చానెళ్లకు గీత లాగి అతకలేదు. రెండంగుళాలు అతికి, నాలుగంగుళాలు వదిలి, పక్క చానెల్ మీద ఆ ఖాళీకి ఎదురుగా మళ్లీ రెండంగుళాలు. రేకు ఉబ్బకుండా ఇన్నేళ్లు నిలబడిందంటే ఆ ఓపికే కారణం.

టేపు మేమూ పట్టాం. ఐమూలల తేడా అర అంగుళం లోపే. తర్వాత మేస్త్రి కుర్రాడి చేత రింగు నడిమధ్య నుంచి ఇరుసు ఎడమ కొసకు ఒకసారి, కుడి కొసకు ఒకసారి కొలిపించాడు. ఈ రెండు కొలతలూ ఒకటి కాకపోతే ట్రక్కు ట్రాక్టరు వెనక తిన్నగా రాదు, ఒక పక్కకు ఈడ్చుకుంటూ వస్తుంది, టైర్లు ఒకవైపే అరుగుతాయి. ఇక్కడ తేడా వేలు మందం కూడా లేదు. పనిముట్ల గురించి ఎంత మాట్లాడినా, పదిహేనేళ్లు దాటి గతుకులు తిన్న చట్రం కొలత తప్పకపోవడం కంటే పనివాడికి పెద్ద మెప్పు ఏముంటుందో నాకు తెలియదు.

చానెల్ సైజు కూడా మెచ్చుకోవాల్సిందే. నిడివి చానెళ్లు 125 మిల్లీమీటర్లవి. అవి మీటరుకు 13 కిలోల దరిదాపు తూగుతాయి. 100 మిల్లీమీటర్లది తొమ్మిదిన్నర కిలోల దగ్గరే ఆగుతుంది. బండి మొత్తం మీద ఈ తేడా చాలా కిలోల ఇనుము. పోటీ ధరకు కట్టేవాళ్లు ముందు కత్తెర వేసేది ఇక్కడే, పైనుంచి చూసేవాళ్లకు తెలియదు గనక. అందుకే ఖాళీ ట్రక్కును కాటాకు తీసుకెళ్లి తూయించడం మంచిది. ఆర్సీలో ఖాళీ బరువు రాసి ఉంటుంది. కాటా బరువు బాగా తగ్గితే తుప్పు తినేసిందనో, రేకు మార్చి పల్చనిది వేశారనో అర్థం. బాగా పెరిగితే అతుకుల మీద అతుకులు పడ్డాయన్నమాట. పైగా తుక్కు ధర ప్రకారం ఎంత పలుకుతుందో కూడా అప్పుడే తెలిసిపోతుంది. బేరానికి అదొక అడుగు మెట్టు.

మిగతావన్నీ ఖర్చు లెక్కలు. జాకీ మీద లేపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కుడిపక్క హబ్బులో లొడలొడ వినిపించింది. మూత తీస్తే గ్రీజు తెల్లగా విరిగి ఉంది. బురద నీళ్లు లోపలికి దిగాయి, సీలు పోయింది. బేరింగులు, సీళ్లు రెండు పక్కలా మార్చాలి. టైర్లకు గుబ్బలున్నాయి గాని పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూస్తే వయసు తెలిసింది. 3214 అంటే 2014లో 32వ వారం తయారీ. గుబ్బ అరగకపోయినా రబ్బరు ఎండి పక్కల సన్నని పగుళ్లు పడ్డాయి. వాటిని టైర్లుగా లెక్కగట్టొద్దని మేస్త్రి తేల్చేశాడు. తొట్టి లేపే హైడ్రాలిక్ జాకీ చివరి మెట్టు దగ్గర నూనె చెమర్చుతోంది. లేపి కాసేపు ఉంచితే కిందికి దిగలేదు కాబట్టి సీలుతో పోతుంది. లేపిన తొట్టి కింద చూడాలంటే మాత్రం గట్టి దిమ్మె ఆనించకుండా తల పెట్టకూడదు. ఆ దిమ్మె కోసం మేస్త్రి మమ్మల్ని ఆపి మరీ వెతికించాడు.

ఈ బండికి బ్రేకు లేదు. మన దగ్గర తిరిగే ట్రక్కుల్లో చాలావాటికి లేదు. ఇది నాకు మింగుడుపడని సంగతి. డెల్టాలో కాలవ వంతెనలు ఎక్కి దిగే ప్రతిచోటా వెనక బరువు ట్రాక్టరును ముందుకు తోస్తుంది, డ్రైవరు తొక్కేది ట్రాక్టరు బ్రేకు మాత్రమే. వెనక లైట్లు లేవు, మెరిసే ఎర్ర పట్టీలు లేవు. రాత్రిళ్లు ఆగి ఉన్న ట్రక్కును వెనకనుంచి గుద్దుకుని పోయిన ప్రాణాల గురించి మన పేపర్లలో చదువుతూనే ఉన్నాం. చాసీ ఎంత బాగా కట్టినా ఈ లోటు లోటే, దాన్ని సరిచేసే ఖర్చు ధరలోంచి తీసేయాల్సిందే.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తాను. ట్రక్కుకు ట్రాక్టరుతో సంబంధం లేకుండా సొంత రిజిస్ట్రేషన్ నంబరుంటుంది. ఆర్సీలో చాసీ నంబరూ, చట్రం మీద కొట్టిన నంబరూ ఒకటేనా అని కాగితం పెట్టి పెన్సిలు రుద్ది సరిచూసుకోవాలి. అప్పు మీద కొన్న బండైతే ఫారం 35 రావాలి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఇద్దరూ ఒకే రాష్ట్రం వాళ్లైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి.

కొనమనే చెప్పాను. మేస్త్రీ అదే మాటన్నాడు. టైర్లు, బేరింగులు, సీళ్లు, లైట్లు, బ్రేకు, చెవి అతుకు, ఇవన్నీ లెక్కేసి ధరలోంచి తీయించుకుని కుర్రాడు బయానా ఇచ్చాడు.

ఇచ్చీ ఇవ్వగానే అతనికి మరో ఆలోచన వచ్చింది. రోటవేటరు కదలకుండా గొలుసు వేసి బిగించడానికి చాసీ కింది అంచుకు నాలుగు కొక్కేలు వెల్డింగు పెట్టించుకుంటానన్నాడు. మేస్త్రి అతన్ని మళ్లీ అడుగున పడుకోబెట్టాడు. "కట్టినాయన అంగుళం దూరంలో ఎందుకు ఆపాడో చూశావుగా. నువ్వెళ్లి ఆ అంచు మీదే నిప్పు పెడతావా?" అన్నాడు. కొక్కేలు అడ్డ చానెల్ వచ్చి కలిసే చోట్ల, నిడివి చానెల్ నిలువు భాగానికి సరిగ్గా నడిమధ్య ఉండాలన్నాడు. వంగినప్పుడు పై అంచూ కింది అంచూ లాగుడుకూ నొక్కుడుకూ గురవుతాయి గాని నడిమధ్య భాగానికి ఆ బాధ దాదాపు ఉండదు. వెల్డింగు అక్కర్లేదు, రంధ్రం తొలిచి, వెనక ప్లేటు వేసి బోల్టు బిగిస్తే చాలు. నాలుగు చోట్లా సుద్దతో గుర్తులు పెట్టి, రంధ్రాలు గ్యాస్ కటింగుతో కాకుండా డ్రిల్లుతోనే తొలిపించమని రెండుసార్లు చెప్పాడు.