తలనీలాలు

తల్లీ గోదావరీ! కోటిలింగాల రేవులో నీ ముందు వంగిన తలలు లెక్కకందవు. తండ్రిని సాగనంపిన కొడుకు నీ మెట్ల మీద కూర్చుని, కన్నీళ్లతో పాటు జుట్టునూ నీకే అప్పగించాడు. ఆ కత్తిలో కరుణ ఉంది. ఆ తల తానుగా వంగింది. మరి 1996 డిసెంబరు 29న, రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో ఐదుగురు దళితులను చితకబాది, వారిలో ఇద్దరికి తలలూ కనుబొమలూ గొరిగిన నాడు, అమ్మా, ఏ దేవుడికి తీరిన మొక్కది? ఎవరి పాడె లేచిందని ఆ క్షౌరం?

కనుబొమలు కూడా! బోడితలకు తలగుడ్డ చుట్టుకోవచ్చు. ఊడ్చేసిన కనుబొమలను ఏ కొంగు దాస్తుంది? గుమ్మంలో ఎదురొచ్చే ఇల్లాలు, ఒళ్లోకి ఉరికొచ్చే పసిబిడ్డ మొదట చూసేది ముఖాన్నే గదా! వంగని తలలను వెతుక్కుంటూ వచ్చిన ఆ కత్తి, మనిషిలో మనిషి పోలికనే చెరిపేయాలని చూసింది.

ధవళేశ్వరంలో కాలువల తలుపులెత్తితే నీ నీళ్లు ఎగువ చేలన్నీ తడిపి, మిగిలితే శివారు మడికి చేరతాయి. దళితపేటకు న్యాయమూ శివారు నీరే అయింది. వాయిదా మీద వాయిదా. 2003లో బృహస్పతి సింహరాశికొచ్చాడు, నీకు పుష్కరమైంది; 2015లో మళ్లీ వచ్చాడు. గొరిగిన చోట మొలిచిన జుట్టు నెరిసిపోయింది. తీర్పు రాలేదు.

ఈలోగా ఈ నేల ఎంత వెలుగు చూసింది! కోనసీమ బిడ్డ బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఢిల్లీ పెద్దలంతా మాట్లాడేందుకు ఆయన అనుమతి కోరి నిలబడ్డారు. పేటల గుండెలు నీ వరదలా పొంగాయి. అంతకు ముందే, కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం, కారంచేడులో చిందిన దళితుల నెత్తురు చూసి ప్రభుత్వ న్యాయవాది కొలువునే వదులుకున్నారు. అయినా కత్తికి తుప్పు పట్టలేదు. 2020 జూలైలో, ఇసుక లారీ గొడవలో నిలదీసిన దళిత యువకుడికి సీతానగరం పోలీసు స్టేషన్లోనే గుండు గీశారు. రక్షించమని పరుగెత్తాల్సిన గడపలోనే ఆ పని జరిగితే, ఇక ఎవరి ముందు ఏడవాలి తల్లీ?

అంబేడ్కర్ పేరునూ ఓర్వలేదు. 2017లో గరగపర్రులో ఆయన విగ్రహం నిలిపిన పేటకు వెలి. 2022 మే 24న, కోనసీమ జిల్లాకు ఆయన పేరు వద్దంటూ అమలాపురంలో మంటలు పెట్టారు. దళిత మంత్రి ఇల్లు తగలబడింది. పేరు మాత్రం కాలలేదు. జిల్లా నుదుట నిలిచింది.

చివరికి 2024 ఏప్రిల్ 16న విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం వెంకటాయపాలెం కేసులో, ఘటన నాటి రామచంద్రపురం శాసనసభ్యుడు తోట త్రిమూర్తులు సహా 9 మందిని దోషులుగా తేల్చింది. 18 నెలల జైలుశిక్ష వేసింది. ఇరవై ఏడేళ్లు మెట్లెక్కి దిగిన కాళ్లకు పద్దెనిమిది నెలలు! తీర్పు నాటికి ఆయన శాసనమండలి సభ్యుడు, మండపేటలో అసెంబ్లీ అభ్యర్థి. శిరోముండనం కేసు ఉన్న మనిషికి టిక్కెట్టు రాసిచ్చేటప్పుడు, ఇన్నేళ్లలో ఏ పార్టీ అయినా వెంకటాయపాలెం పేటకు వెళ్లి, ఆ ఇద్దరి ముఖం చూసి, ‘మీరేమంటారు?’ అని అడిగిందా?