ఎర్రచుక్క చెప్పని సంగతి

క్లౌడ్ ద్వారా నడుపబడు స్విచ్చులు వచ్చిన పిదప, ఇంట కూర్చుండియే ఎక్కడనో యున్న కార్యాలయములోని పోర్టును మూయుటయు తెరచుటయు మావంటివారికి నిత్యకృత్యమైనది. దానితోబాటు, డాష్‌బోర్డుపై స్విచ్చు పేరు ప్రక్కన ఎర్రచుక్క కనబడినంతనే స్విచ్చు పోయినదని తీర్పు చెప్పు తొందరయు అలవడినది. నిజమునకు ఆ చుక్క తెలుపునది స్విచ్చు క్లౌడుకు అందుటలేదని మాత్రమే. డీఎన్ఎస్ బదులు పలుకకున్నను, ఫైర్‌వాల్ 443వ పోర్టు దారిని అడ్డగించినను చుక్క ఎర్రబడును. స్విచ్చు మాత్రము ప్యాకెట్లను యథాపూర్వముగా చేరవేయుచునే యుండును.

అందుచేత నేను మొట్టమొదట చూచునది అప్‌టైమ్. స్విచ్చు సొంత పేజీలో గాని కన్సోలులో గాని అది నెలల లెక్కన కనబడినచో దారి తెగినదనియు, నిమిషముల లెక్కన కనబడినచో స్విచ్చే పడి లేచినదనియు తెలియును. ఈ రెండు వ్యాధులకు మందు ఒక్కటి కాదు.

స్విచ్చు పడకయే దాని పోర్టులు పడుట మరియొక విచిత్రము. చీకటిపడినంతనే కెమెరాలు ఒక్కొక్కటిగా ఆగి, తెల్లవారినంతనే తమంతట లేచుచున్నవనుకొనుడు. ఫర్మ్‌వేరును నిందించువారే ఎక్కువ. నిజమునకు, రాత్రి చూపునకై కెమెరా ఇన్‌ఫ్రారెడ్ దీపములను వెలిగించును, వానికి స్విచ్చు పోర్టు నుండి కేబుల్ ద్వారా వచ్చు కరెంటు అదనముగా కావలెను. 2009 నాటి 802.3ఏటీ ప్రమాణము ప్రకారము పోర్టుకు 30 వాట్ల చొప్పున 24 పోర్టులకు 720 వాట్లు కాగా, పెక్కు స్విచ్చులు అన్ని పోర్టులకును కలిపి ఈయగలుగునది అందులో సగమునకు అటునిటుగా నుండును. ఆ మొత్తము మించినంతనే, ప్రాధాన్యము తక్కువగల పోర్టులకు స్విచ్చు తానే కరెంటు ఆపివేయును.

స్పానింగ్ ట్రీ సంగతి ఇంతకంటె గహనము. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థలో రేడియా పెర్ల్‌మన్ రూపొందించిన ఈ పద్ధతి, లూపులు ఏర్పడకుండ ఒక స్విచ్చును మూలముగా ఎన్నుకొనును. ఎవ్వరును ప్రాధాన్యమును మార్చనిచో అన్నిటికిని 32768 సమానముగా నుండును గనుక, మ్యాక్ అడ్రసు చిన్నదైనదానికే పీఠము దక్కును. అది తరచుగా ఏ మూలగదిలోనో బల్లక్రింద దుమ్ముపట్టిన పాత స్విచ్చే యగును. దాని అడాప్టరు ఒక్కమారు వదులైనచో చెట్టంతయు మరల లెక్కించుకొనవలసి వచ్చును, పాత 802.1డీలో దీనికి 30 సెకన్ల నుండి 50 సెకన్ల వరకు పట్టును. డాష్‌బోర్డుపై ఎర్రబడునవి క్రొత్త స్విచ్చులు, కారణమో జాబితాలోనే లేని ఆ వృద్ధమూర్తి! నడిమి స్విచ్చునకు 4096 అని ప్రాధాన్యమొసగుటకు నిమిషము చాలును; అయినను అట్లు చేసియుంచిన కార్యాలయములు నాకు అరుదుగా తటస్థపడినవి.

సహాయకేంద్రమువారు మాత్రము 'రీబూట్ చేసి చూడుడు' అందురు. చేయవచ్చును, కాని రీబూటుతో సీఆర్‌సీ దోషముల లెక్క సున్నాకు దిగిపోవును, ఏ కేబుల్ చెడినదో తెలుపు సాక్ష్యమదియే. అందువలన ఆ అంకెలను ముందుగా కాగితముపై వ్రాసికొని, దోషములు పెరుగుచున్న పోర్టునకు కేబుల్ మార్చి చూచిన పిమ్మటనే రీబూటు జోలికి పోవుదును.